దైవభీతి లేని అల్లుడు

ప్రశ్న: మాది కాకినాడ. నాకు 27 ఏళ్ళు, బ్యాంకులో పనిచేస్తున్నాను. నాతో పాటు పనిచేసే అబ్బాయిని పెళ్ళి చేసుకోవాలని ఉంది. కులం విషయంలో ఇంట్లో మొదట గొడవైనా నాన్నగారు మెల్లగా మెత్తబడ్డారు. ఇప్పుడు పేచీ ఇంకోచోట వచ్చింది. అతను దేవుణ్ని నమ్మడు. నాన్నగారు అడిగితే దాచకుండా మొహం మీదే చెప్పేశాడు. అప్పటినుంచి నాన్నగారిది ఒకటే పాట. "మంచీ చెడూ చెప్పినవాడే దేవుడు. ఆ చెప్పినవాణ్నే కాదనేవాడికి నీతి ఎక్కడినుంచి వస్తుంది? రేపు నిన్ను మోసం చేయాలనిపిస్తే వాణ్ని ఆపేదేమిటి?" అంటున్నారు. నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని. నాన్నగారికి ఏం చెప్పాలో తోచలేదు. పైగా నాకే టెన్షన్ పట్టుకుంది. నా మంచితనం కూడా ఒట్టి భయమేనా? దేవుడు చెప్పాడు కాబట్టి మంచి మంచి అయిందా, మంచిది కాబట్టి దేవుడు చెప్పాడా? — ఒక సోదరి, కాకినాడ

సమాధానం: మీరు చివర అడిగిన ప్రశ్నను దాదాపు 2400 ఏళ్ళ కిందట గ్రీసు దేశంలో ప్లేటో రాసిపెట్టాడు. అదీ తండ్రీబిడ్డల తగాదాలోంచి పుట్టిందే. యూథిఫ్రో అనే ఆయన ఏథెన్సులో కోర్టు దగ్గర సోక్రటీసుకు ఎదురయ్యాడు. ఏం పనిమీద వచ్చావయ్యా అంటే, మా నాన్న మీద హత్య కేసు పెట్టడానికి అన్నాడు. వాళ్ళకు నక్సోస్ దీవిలో పొలం ఉండేది. అక్కడ ఒక కూలివాడు తాగిన మత్తులో ఇంటి బానిసను చంపేశాడు. తండ్రి ఆ కూలివాడి కాళ్ళూ చేతులూ కట్టించి గోతిలో పడేయించాడు. ఇప్పుడేం చేయాలో ధర్మం తెలిసినవాళ్ళని అడిగి రమ్మని ఏథెన్సుకు మనిషిని పంపాడు. ఆ మనిషి తిరిగి వచ్చేలోపు గోతిలోవాడు ఆకలికీ చలికీ చచ్చిపోయాడు. కన్నతండ్రి మీద కేసు పెట్టడం మహాపాపం అని చుట్టాలంటున్నారు. కొడుకేమో దేవుళ్ళకు ఏది ఇష్టమో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, నేను చేసేదే పుణ్యం అంటున్నాడు. సోక్రటీసు నింపాదిగా ఒక ప్రశ్న వేశాడు: పుణ్యం కాబట్టి దేవుళ్ళు దాన్ని ఇష్టపడతారా, దేవుళ్ళు ఇష్టపడ్డారు కాబట్టి అది పుణ్యమైందా? యూథిఫ్రో రకరకాలుగా తిప్పితిప్పి చెప్పి, చివరికి అర్జెంటు పనుందని జారుకున్నాడు. ఆ రోజు సోక్రటీసు అక్కడికి వచ్చింది కూడా తన మీద పడ్డ కేసు కోసమే. ఊరు కొలిచే దేవుళ్ళను లెక్కచేయడం లేదన్నది అందులో ఒక ఆరోపణ. చివరికి దానికే ఆయన ప్రాణం పోయింది. కాబట్టి మీ నాన్నగారి అనుమానం కొత్తదేమీ కాదు.

మనం జారుకోకుండా చూద్దాం. ముందు మీ నాన్నగారి మాటే నిజమనుకుందాం. మంచి అంటే దేవుడి ఆజ్ఞే, అంతకు మించి ఏమీ లేదు. అలాగైతే రేపు దేవుడు "ముసలి తల్లిదండ్రులను రోడ్డు మీద వదిలేయండి" అంటే, అదే ధర్మం అయి కూర్చోవాలి. నాన్నగారిని అడిగి చూడండి. "దేవుడు అలా ఎందుకు చెబుతాడే, పిచ్చిదానా" అంటారు. ఎందుకు చెప్పడు? అది దుర్మార్గం కాబట్టి. అంటే దేవుడు నోరు తెరవకముందే అది దుర్మార్గమని నాన్నగారికి తెలుసు. ఇంకో చిక్కు కూడా ఉంది. దేవుడు ఏం చెబితే అదే మంచి అయితే, "దేవుడు మంచివాడు" అన్న మాటకు అర్థమే ఉండదు. "దేవుడు తాను చెప్పిందే చెబుతాడు" అన్నట్టు అవుతుంది. లైబ్నిట్జ్ అనే జర్మన్ తత్త్వవేత్త 1686లోనే ఇది పట్టుకున్నాడు. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేసినా ఇంతే పొగడాల్సి వచ్చేటట్టయితే, చేసిన పనికి ఆయన్ని పొగడటం దేనికి అని అడిగాడు. ఆయన నాస్తికుడు కాదు, గట్టి భక్తుడు. దేవుడి పరువు కాపాడటానికే అడిగాడు.

గ్రీకుల దాకా, జర్మన్ల దాకా ఎందుకు, మన భారతంలోనే ఇంతకన్నా గట్టి కథ ఉంది. మాండవ్య మహర్షి మౌనంగా తపస్సు చేసుకుంటూ ఉంటే దొంగలు వచ్చి ఆయన ఆశ్రమంలో సొత్తు దాచిపెట్టారు, వాళ్ళూ దాక్కున్నారు. రాజభటులు అడిగితే ఆయన పలకలేదు. ఈయనా దొంగల్లో ఒకడే అనుకుని కొరత వేశారు. ప్రాణం పోలేదు. తర్వాత రాజు తప్పు తెలుసుకుని కాళ్ళ మీద పడ్డాడు గానీ, కొర్రు ముక్క ఒంట్లోనే ఉండిపోయింది. ఆయన నేరుగా యమధర్మరాజు దగ్గరికి వెళ్ళి నేనేం పాపం చేశానని నిలదీశాడు. చిన్నప్పుడు పురుగులను పుల్లతో గుచ్చావు, దాని ఫలం ఇది అన్నాడు యముడు. ఊహ తెలియని వయసులో చేసిన ఇంత చిన్న తప్పుకు ఇంత పెద్ద శిక్షా, ఇదేం న్యాయం అని మాండవ్యుడు ఆయన్నే శపించాడు, మనిషివై శూద్రస్త్రీ కడుపున పుట్టమని. అంతటితో ఆగకుండా, 14 ఏళ్ళ లోపు పిల్లలు చేసింది పాపం కిందికి రాదని హద్దు కూడా గీశాడు. ఆ శాపం వల్ల పుట్టినవాడే విదురుడు.

ఈ కథలో బోనులో నిలబడింది ఎవరో గమనించారా? సాక్షాత్తూ ధర్మదేవత. ఒక మనిషి వచ్చి నీ తీర్పు అన్యాయం అంటే, "నేను చెప్పిందే ధర్మం, నువ్వెవరు అడగడానికి" అని యముడు అనలేదు. తల వంచి శాపం అనుభవించాడు. అంటే ధర్మదేవతను కూడా నిలబెట్టి కొలవగలిగిన కొలత ఒకటి ఉందని ఈ కథ చెప్పినవాళ్ళకు తెలుసు. ఇంకొక మాట. శూద్రస్త్రీకి పుట్టడం శిక్ష ఎలా అవుతుందని ఇవాళ మీకూ నాకూ చిర్రెత్తుతుంది. ఎత్తాలి కూడా. కథ మెచ్చుకుంటూనే దానిలో తప్పు పట్టగలుగుతున్నామంటే, ఆ కొలత కథ దగ్గర కూడా ఆగదన్నమాట.

మీది కాకినాడ కాబట్టి అన్నవరం వ్రతకథ ఎన్నిసార్లు విని ఉంటారో. భర్త పడవ వచ్చిందని తెలిసి కళావతి ప్రసాదం పుచ్చుకోకుండా రేవుకు పరుగెడుతుంది. ఆ పొరపాటుకు పడవ భర్తతో సహా కనపడకుండా పోతుంది. ఆ ఘట్టం దగ్గర చేతిలో అక్షింతలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళలో ఎంతమంది "అయ్యో, ఆ పిల్ల ఏం చేసిందని" అనుకుని ఉండరు? వాళ్ళెవరూ నాస్తికులు కారు. భక్తితో వింటూనే, తప్పుకూ శిక్షకూ పొంతన ఉందా లేదా అని మనసు తన పని తాను చేసుకుపోతోంది.

అసలు దేవుడు లేకపోతే ధర్మం లేదన్నది మన సంప్రదాయం అంతా ఒప్పుకున్న మాట కూడా కాదు. వేదం విధించిందే ధర్మం అని అందరికన్నా మొండిగా వాదించినవాళ్ళు మీమాంసకులు. తమాషా ఏమిటంటే విధించడానికి వాళ్ళకు దేవుడు అక్కర్లేదు. వేదం ఎవరూ చెప్పింది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే అంటారు. సృష్టికర్త ఉన్నాడన్న వాదనలను వాళ్ళలో పెద్ద పండితుడైన కుమారిల భట్టు స్వయంగా ఖండించాడు. బౌద్ధులూ జైనులూ సరేసరి. సృష్టికర్తను తలవకుండానే అహింస, సత్యం, దానం బోధించారు. అమరావతిలో, నాగార్జునకొండలో తరతరాల పాటు మన పూర్వులు విన్న నీతి అదే. ముస్లిం పండితులు కూడా బస్రాలో, బాగ్దాదులో ఈ గొడవే పడ్డారు. మంచిచెడ్డలు బుద్ధికి అందుతాయని ముతజిలీలు అనే పక్షంవాళ్ళు, అల్లా నిర్ణయించడం వల్లే అవి మంచీ చెడూ అవుతాయని అషరీలు అనే పక్షంవాళ్ళు వాదించారు. బైబిల్లో అబ్రహామును కొడుకును బలి ఇమ్మని దేవుడు అడిగిన ఘట్టం గురించి 1798లో కాంట్ అనే జర్మన్ తత్త్వవేత్త ఏమన్నాడంటే, అబ్రహాము ఇలా జవాబు చెప్పాల్సింది అట: నా కొడుకును చంపకూడదన్నది నాకు నిశ్చయంగా తెలుసు, నాకు కనపడుతున్న నువ్వు దేవుడివేనన్నది మాత్రం అంత నిశ్చయంగా తెలియదు. నాకు ఈ మాట చాలా ఇష్టం. భక్తులకు ఇది పొగరుగా వినిపించవచ్చు, కానీ దేవుడి పేరు చెప్పి ఎవరు ఏం చేయమన్నా చేసేవాళ్ళను చూశాక నాకు ఇందులో పొగరు కనిపించడం లేదు.

ఆజ్ఞ పాటించడమూ మంచిగా ఉండటమూ ఒకటి కాదని కృష్ణుడే చెప్పాడు. కర్ణపర్వంలో, గాండీవం వేరొకరికి ఇచ్చేయమన్న పాపానికి అర్జునుడు ధర్మరాజు మీదికి కత్తి దూస్తాడు. అలా అన్నవాణ్ని చంపుతానని తాను పట్టిన శపథం ఉంది మరి. అప్పుడు కృష్ణుడు అడ్డుపడి కౌశికుడి కథ చెబుతాడు. ఏమైనా సరే నిజమే చెబుతానని వ్రతం పట్టిన బ్రాహ్మణుడు ఆయన. దొంగలు తరుముకొస్తూ మనుషులు ఎటు పారిపోయారని అడిగితే నిజం చెప్పాడు. వాళ్ళు ప్రాణాలు కోల్పోయారు, ఈయన నరకానికి పోయాడు.

ఇక్కడ మీ నాన్నగారి తరఫున కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. తెలివైన భక్తులు సోక్రటీసు ప్రశ్నకు మూడో దారి చెబుతారు. మంచి అనేది దేవుడి ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు, దేవుడికి బయట వేరే చట్టంగానూ ఉండదు, ఆయన స్వభావమే మంచితనం, అందుకే ఆయన క్రూరత్వం ఆజ్ఞాపించలేడు అని. క్రైస్తవంలో థామస్ అక్వినాస్ ఇలాంటి దారే పట్టాడు. ఇది గౌరవించదగ్గ సమాధానమే. మీరు దీపం పెట్టుకుంటూ ఈ నమ్మకంతో హాయిగా ఉండవచ్చు. కానీ ఇది ఒప్పుకుంటే నాన్నగారి వాదన బలపడదు. దేవుడి స్వభావం ప్రేమ, న్యాయం అని చెప్పాలంటే ప్రేమ మంచిదని, న్యాయం మంచిదని ముందు మనకు తెలియాలి. ఆ తెలివి దేవుడే అందరికీ ఇచ్చాడని నాన్నగారు అంటే అననివ్వండి. అందరిలో ఆ అబ్బాయి కూడా ఉన్నాడు కదా.

అబ్బాయి పక్షానికి కూడా ఇబ్బంది లేకపోలేదు. దేవుడితో పని లేకుండా మంచి దానంతట అది ఉంటే, ఎక్కడుంది? "చేసి తీరాలి" అన్న బలం దానికి ఎవరిచ్చారు? దీని మీద తత్త్వవేత్తలకు ఈ రోజుకీ ఏకాభిప్రాయం లేదు. లెక్కల్లో సత్యాల్లాగా అది ఎవరూ చేయకుండానే ఉంటుందని కొందరు, మనుషులు కలిసి బతకడంలోంచి పుడుతుందని కొందరు అంటారు. నా మట్టుకు నేను చేబదులు గురించి ఆలోచిస్తాను. పక్కింటావిడ దగ్గర కాగితం లేకుండా, సాక్షి లేకుండా 2000 రూపాయలు చేబదులు తీసుకున్నారు. ఆవిడ మరిచిపోయింది కూడా. మీరు బాకీ ఉన్నారా లేదా? ఉన్నారు. ఎవరికి? పోలీసుకు కాదు, దేవుడికీ కాదు, ఆవిడకు. పైన చూసేవాడు ఉంటే తీర్చడానికి ఇంకో కారణం దొరుకుతుందేమో గానీ, బాకీ మాత్రం ఆవిడ ఇచ్చినప్పుడే పుట్టింది. మోసం చేయకూడదన్న బాధ్యత కూడా మోసపోయే మనిషి వల్లే మన మీద పడుతుందని నా అభిప్రాయం.

ఇంతా చెప్పాక, మీ నాన్నగారు నిజంగా అడుగుతున్నది ఇది కాదని మీకూ తెలుసు. "వాణ్ని ఆపేదేమిటి" అన్నది ఆడపిల్ల తండ్రి భయం. దానికి తర్కం చాలదు. ఆయన్నే ఒక మాట అడగండి. ఇన్నేళ్ళ కాపురంలో అమ్మను మోసం చేయకుండా మిమ్మల్ని ఆపిందేమిటి నాన్నా అని. దేవుడి భయం ఒక్కటే అని ఆయన అనేటట్టయితే, ఆ జవాబు అమ్మ వినేటట్టు చెప్పమనండి. చెప్పలేరు. ప్రేమ ఉంది, పిల్లలున్నారు, అలవాటుంది, నలుగురిలో సిగ్గుంది, ఆవిడ మొహం చూస్తే చేయబుద్ధి కాకపోవడం ఉంది. ఇవన్నీ ఆపాయి. దైవభీతి కూడా ఒక చెయ్యి వేసి ఉండవచ్చు. ఆ ఒక్కటి తప్ప మిగతావన్నీ మీ అబ్బాయికీ ఉండే అవకాశం ఉంది.

పైగా భయం బేరానికి లొంగుతుంది. లంచం తిన్నవాడు అందులో ఇంత హుండీలో వేసి నిశ్చింతగా పడుకోవడం మనం చూడనిదా? శాంతి చేయిస్తే పోయే దోషం మనిషిని ఎంతవరకు ఆపుతుంది?

మీ సొంత టెన్షన్ సంగతి. కౌంటర్లో పెన్షన్ పెద్దాయన ఎవరో లెక్క తప్పి ఒక 500 నోటు ఎక్కువ ఇస్తే మీరు పిలిచి వెనక్కి ఇచ్చే ఉంటారు. ఆ క్షణంలో మీకు యమలోకం గుర్తొచ్చిందా, ఆ పెద్దాయన గుర్తొచ్చాడా? పెద్దాయనే అయితే మీ మంచితనం ఒట్టి భయం కాదు. దీపం మానేయనక్కర్లేదు. దీపం దగ్గర మనసు నెమ్మదించడం, కృతజ్ఞత, కష్టంలో ధైర్యం, ఇవన్నీ నిజమైనవే. వాటి విలువ తెలియని నాస్తికులు నోరు పారేసుకుంటుంటే నాకూ చిరాకే.

నమ్మనివాళ్ళు ఎలా బతుకుతారో చూడటానికి మీరు దూరం పోనక్కర్లేదు. గోరా అని మనం పిలుచుకునే గోపరాజు రామచంద్రరావు (1902–1975) మీ ఊళ్ళోనే కాలేజీలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవారు. నాస్తిక భావాల వల్ల 1933లో ఆ ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకు మారింది. ఆయనా గాంధీ కలిసి మాట్లాడుకున్న సంగతులు చదివితే ముచ్చటేస్తుంది. తన ఆస్తికత్వం ఒప్పు అని గానీ, గోరా నాస్తికత్వం తప్పు అని గానీ చెప్పలేనని గాంధీ ఒప్పుకున్నారు. దేవుడే సత్యం అంటూ వచ్చినాయన 1931 నాటికి సత్యమే దేవుడు అనే చోటికి చేరారు, నాస్తికులు కూడా సత్యాన్ని కాదనలేరు కదా అని. గోరా పెద్దమ్మాయిని దళిత యువకుడికి ఇచ్చి సేవాగ్రామ్‌లో పెళ్ళి చేయాలనుకున్నప్పుడు, దేవుడి పేరు తీసేసి సత్యం పేరు మీద జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. పెళ్ళి 1948లో జరిగింది, అప్పటికి గాంధీ లేరు. తర్వాత గోరా కొడుకు లవణం, కోడలు హేమలత స్టువర్టుపురంలో ఏళ్ళ తరబడి పనిచేశారు. బ్రిటిష్ వాళ్ళు పుట్టుదొంగలని ముద్రవేసిన కుటుంబాల మధ్య అది. హేమలత కవి జాషువా గారి కూతురు.

అలాగని నాస్తికులంతా గోరాలని అనుకోకండి. దేవుణ్ని కాదన్న స్టాలిన్ పాలనలో లక్షల మంది చచ్చారు. నమ్మకం ఉందనో లేదనో చూసి మనిషికి మార్కులు వేయలేం, అంతే.

మీ ఉత్తరంలో ఒక మాట మీరు దాటవేసి వెళ్ళారు గానీ నా దృష్టి దాని మీదే నిలిచింది. దాచకుండా మొహం మీదే చెప్పేశాడు అన్నారు. పిల్లనిచ్చే మామగారి ముందు "నమ్ముతానండీ, శనివారం గుడికి వెళ్తాను" అంటే ఏం పోయేది? పెళ్ళి ఖాయమయ్యేది. కనిపెట్టేవాడు లేడు, అతని లెక్కలో శిక్షించేవాడూ లేడు. అయినా ఆ చిన్న అబద్ధం ఆడలేదు. మోసం చేయకుండా ఆపేదేమిటని అడుగుతున్న నాన్నగారికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం ఏం కావాలి? ఇదొక్కటే చాలదు, ఒప్పుకుంటాను. డబ్బు దగ్గర ఎలా ఉంటాడో, వాళ్ళమ్మతో ఎలా మాట్లాడతాడో, తప్పు తనదైనప్పుడు ఏం చేస్తాడో కూడా చూడాలి. భక్తుడైన అల్లుణ్ని వెతికినా చూడాల్సినవి ఇవే.

తత్త్వం కన్నా మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. అవి పెళ్ళికి ముందే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. జీలకర్ర బెల్లం, మంత్రాలతో పెళ్ళికి అతను ఒప్పుకుంటాడా, స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద రిజిస్టర్ పెళ్ళే కావాలంటాడా? రెండోదైతే 30 రోజుల నోటీసు ఇవ్వాలి, ముగ్గురు సాక్షులు కావాలి, ఇప్పటినుంచే చూసుకోండి. పెళ్ళయ్యాక అన్నవరంలో వ్రతానికి మీ అమ్మానాన్నల కోసం పీటల మీద కూర్చుంటాడా, కూర్చుంటే మొహం ముడుచుకోకుండా కూర్చుంటాడా? ఇంట్లో మీ దేవుడి గది, వాళ్ళింట్లో తద్దినాలు, రేపు పిల్లలకు అన్నప్రాసన, అక్షరాభ్యాసం ఎలా? మీ పూజను వెక్కిరించనని అతను మాటివ్వాలి. ఇవాళ కాకపోతే రేపు మార్చేస్తాలే అన్న ఆశ మీరు వదులుకోవాలి. ఆ ఆశతో చేసుకున్న పెళ్ళిళ్ళు రోజూ ఒక పోట్లాట.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు ప్లేటో, కాంట్ పేర్లు ఎత్తకండి, చదువుకున్నదానినని వాదిస్తున్నావా అంటారు. మాండవ్యుడి కథ మాత్రం ఆయనకు తెలిసే ఉంటుంది, దాని మీద మాట్లాడండి. ఆ తర్వాత ఒక ఆదివారం అబ్బాయిని భోజనానికి పిలిచి, వాళ్ళిద్దర్నీ వదిలేసి మీరూ అమ్మా వంటింట్లో ఉండండి. ఆపేదేమిటన్న ప్రశ్నను ఆయన్నే నేరుగా అతన్ని అడగనివ్వండి.